కందగది ముక్కు

కంద తవ్విన 9వ రోజు

దుంపలు డెబ్బై ఒకటి. వాసన లేదు.

రోజుకి ఈ రెండు మాటలు రాస్తే చాలంటాడు ఓదెలు. మా మూడో లెవల్‌కి పెద్ద అతను, నాకు మరిది. కాగితం కరువట. నిజమే కానీ, కందపుస్తకం రాసేది నేను కనక ఎంత రాయాలో నేనే చూసుకుంటాను. ఇది బొగ్గుబాయిగా ఉన్న రోజుల్లో షిఫ్టుకి దిగినవాళ్ళ పేర్లు రాసుకున్న పుస్తకాలు ఇంకా రెండు పెట్టెల నిండా ఉన్నాయి. వాటి వెనక పేజీలు ఖాళీయే.

నా పేరు జంగిలి రాజవ్వ. ఈ లెవల్‌కి నేను ముక్కుని. అది నా ఉద్యోగం పేరే, వేళాకోళం కాదు. దుంపలో కుళ్ళు పుడితే కంటికి ఆనడానికి పదకొండు రోజులు పడుతుంది. వాసన మూడో రోజే వస్తుంది, అదీ అందరికీ తెలియదు. మా అమ్మకి తెలిసేది, నాకు తెలుస్తుంది. ముక్కు పొడిబారకూడదని నాకు రోజూ ఒక చెంబు నీళ్ళు ఎక్కువ ఇస్తారు. ఆ చెంబు మీద కళ్ళు పడని ఆడది ఈ లెవల్లో లేదు. ఏడవనీ.

పొద్దున దీపాలు వెలగగానే నా పని మొదలు. ఇసకలో పాతిపెట్టిన దుంపలు ఒక్కొక్కటి పైకి తీస్తాను. పోయినేటి కాడ ఊడిపోయిన చోట బొడ్డులా గుంట ఉంటుంది, అక్కడ ముక్కు పెట్టి ఒకసారి పీలుస్తాను. తర్వాత బూడిద అద్ది మళ్ళీ ఇసకలో పెడతాను. డెబ్బై ఒక్క సార్లు ఒంగి లేవాలి. పోయినేడు ఇదే గదిలో నాలుగు వందల డెబ్బై ఉండేవి. అప్పుడు నడుం నొప్పి అని గొణిగేదాన్ని. ఇప్పుడు పని తొందరగా అయిపోతుంటే ఏడుపొస్తోంది.

తవ్విన 13వ రోజు

డెబ్బై ఒకటి. వాసన లేదు.

మా సుగుణ ఇవాళ గదికి వచ్చింది. నా ఒక్కగానొక్క కూతురు, ఏడో నెల. కడుపు తప్ప మనిషిలో ఏమీ లేదు, చేతులు చూస్తే చీపురుపుల్లలు. పుట్టగొడుగులు, నాచు ముద్ద తిని బిడ్డని మోయడం అంటే మాటలు కాదు. కంద కావాలని అడగదు. నా ముందు అసలు అడగదు, గదిలోకి వచ్చి ఇసక వైపు చూస్తూ కూర్చుంటుంది.

"గింత లావు వేరు కడుపుల పెట్టుకొని ఎట్ల బతుకుతదమ్మా గీ చెట్టు?" అంది.

కందని వేరు అంటే నాకు మండుతుంది. ముక్కు కూతురై ఉండి ఆ మాట అనడమేంటి? ఒక దుంప చేతికిచ్చి చూపించాను. ఒంటి చుట్టూ ఉంగరాల్లా గీతలున్నాయి చూడు, అవి కణుపులు. కణుపులున్నది వేరు కాదు, కాండం. నడినెత్తిన ఉన్న ఈ బుడిపె కన్ను. పక్కన ఉన్న చిన్నచిన్న బొడిపెలు పిల్లలు. కాండమే కానీ ఎండకి జడిసి నేలలోకి దిగి లావెక్కింది. ఏడాది తిండి అక్కడే దాచుకుంటుంది. పైన ఆకు ఎండి రాలిపోతే మొక్క చచ్చిందనుకుంటాం, అది కింద నిద్రపోతూ ఉంటుంది. నాటిన దుంప ఒక పంటకాలంలో ముడుచుకుపోతుంది, దాన్ని తిని, దాని నెత్తి మీదే కొత్త దుంప ఊరుతుంది.

"తల్లిని తిని పెరుగుతదన్నమాట" అంది సుగుణ, కడుపు మీద చెయ్యి పెట్టుకుని.

"అందరు పిల్లలు గంతే" అన్నాను. ఇద్దరం నవ్వాం. చాలా రోజులైంది మేం కలిసి నవ్వి.

తవ్విన 17వ రోజు

అరవై ఎనిమిది.

మూడింటికి వచ్చింది. పులిసిన గంజి వాసన, దాని అడుగున తడిసిన సున్నం. రెండు మూడు సార్లు పీల్చి చూశాను, తప్పు నాదైతే బాగుండునని. తప్పు కాదు.

మా గది తలుపు మీద సున్నంతో ఒక మాట రాసి ఉంటుంది: వాసనొస్తే కొయ్యొద్దు, కాల్చు. మా అమ్మ రాసింది, ఏటా నేను దాని మీదే దిద్దుతాను. వెనకటికి ఎవరో నమ్మకం కుదరక, లోపల ఎలా ఉందో చూద్దామని అనుమానపు దుంపని కోశారు. అదే కత్తితో నాటడానికి ముక్కలు కోశారు. ఆ ఏడు ఈ లెవల్లో నలభై మంది పోయారు. అప్పటి నుంచి కోసి చూడటం లేదు. ముక్కు చెప్పిందంటే పంపు గది పొయ్యిలోకే.

మూడూ కాల్చి వచ్చాను. చేతులు సున్నపు నీళ్ళతో కడిగాను.

తవ్విన 26వ రోజు

నలభై ఎనిమిది.

ఎందుకిలా అన్నిటికీ ఒకేసారి పట్టుకుంటుందో జనానికి అర్థం కాదు. బలమైనవి కొన్ని తట్టుకోవాలి కదా అని అడుగుతారు. బలమైనవి, బలహీనమైనవి అని ఉంటే కదా! ఈ బాయిలో ఉన్నది ఒక్కటే కంద. మా ముత్తాతలు పైన ఎండ తాళలేక కిందికి దిగినప్పుడు గోనెలో తెచ్చిన ఒక్క దుంపని కన్నుతో సహా ముక్కలు కోసి నాటారు. అవి పెరిగితే మళ్ళీ కోశారు. గింజ లేదు, పువ్వు లేదు, ఆడ మగ లేదు. ముక్కల ముక్కలకి ముక్కలు. పేరుకి డెబ్బై, నాలుగు వందలు అంటున్నాం కానీ మనిషి ఒక్కటే. ఒకదానికి పట్టిన రోగం మిగతావాటికి పట్టకుండా ఎలా ఉంటుంది? ఆ మాట రచ్చలో, లెవలంతా కూడే చోట, చెబితే ఓదెలు నన్ను పక్కకి పిలిచి, "వదినె, గిసుంటియి జనం ముంగట అనకు" అన్నాడు.

ఇవాళ్టి నుంచి తినడానికి కంద లేదు. మిగిలినవన్నీ నాటడానికే.

తవ్విన 34వ రోజు

ఇరవై ఆరు. పెద్దది కాక.

పెద్దదాని గురించి రాయాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి నోటా అదే మాట.

ఐదేళ్ళ కింద మా ఆయన పోచం ఒక దుంపని కొయ్యనివ్వలేదు. మంచి లావుగా ఊరింది, ఎంత పెద్దదవుతుందో చూద్దాం అన్నాడు. ముసలాయన పంతం. పూర్తి దుంపని నాటితే ఒక్క మొక్కే వస్తుంది, కోస్తే పది వస్తాయి, దండగ అని అరిచాను. వినలేదు. మరుసటేడు అది ఆరు కిలోలైంది, ఆపై పది. పోచం పోయి ఏడాది. పోయాక నాకు కొయ్యబుద్ధి కాలేదు. ముక్కునైనందుకు అంత మాత్రం చెల్లుతుంది నాకు. ఈసారి తవ్వితే పద్దెనిమిది కిలోలు తూగింది. దాన్ని గది చివర, గాలిబాయి కింద, వేరే గుంటలో పెట్టాను. పైన నేల నుంచి గాలి దిగే నిలువు సొరంగమది. కుళ్ళు అటు వైపు పోలేదు.

ఓదెలు ఇవాళ రచ్చలో చెప్పేశాడు. అరవయ్యో రోజున పెద్దదాన్ని కోస్తాం, తక్కువలో తక్కువ నలభై ముక్కలు. మిగతావన్నీ పోయినా ఆ నలభైతో లెవల్ మళ్ళీ నిలబడుతుంది. రెండు వందల పన్నెండు మంది నా వైపు చూశారు. నేను తల ఊపాను. పోచం ఉంటే సరేననేవాడు.

రచ్చ అయ్యాక పెద్దదాని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మట్టి వాసన తప్ప ఏమీ లేదు. అంత మంచి వాసన ఈ మధ్య ఎక్కడా తగల్లేదు.

తవ్విన 42వ రోజు

పదకొండు. పెద్దది బాగుంది.

పెద్దదాని కన్ను ఉబ్బింది! కాస్త తొందరే, మామూలుగా యాభై దాటాక కదులుతుంది. అయినా సరే. చూసిన వెంటనే పరిగెత్తుకుంటూ పోయి సుగుణకి చెప్పాను. ఈ మోకాళ్ళతో పరిగెత్తడం చూసి జనం ఏదో ప్రమాదం అనుకున్నారు. సుగుణ ఈ రాత్రి కూడు కడుపునిండా తింది, కడుపునిండా అంటే నాచు ముద్దే.

తవ్విన 47వ రోజు

ఆరు.

పెద్దదాని మొలక నాకు నచ్చడం లేదు. కంద మొలక సన్నగా, బల్లెం మొనలా లేస్తుంది. తెల్లగా ఉండి రెండు రోజులకి పచ్చబడుతుంది. ఇది పిడికిలంత లావు. రంగు చూస్తే కమిలిన చర్మం. ఓదెలు వచ్చి చూసి, దుంప పెద్దది కనక మొలకా పెద్దదే అన్నాడు. అతను చెప్పింది సబబుగానే ఉంది. వాసన లేదు. మూడు పూటలా చూస్తున్నాను.

తవ్విన 49వ రోజు

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

దీపాలు వెలగగానే బయల్దేరాను. గది ఇంకా ఇరవై అడుగులుందనగానే తగిలింది. చచ్చి మూడు రోజులైన ఎలుక వాసన. ముక్కు లేనివాడికి కూడా తెలిసే కంపు అది.

పెద్దది విచ్చుకుని ఉంది. ఆ లావు మొలక పగిలి, అంచులు ముడతలు పడ్డ వెడల్పాటి తొడుగులా తెరుచుకుంది, కందిన ఎరుపు, మచ్చలు. నడుమ నల్లెర్రగా, గడ్డలా, రెండు గుప్పిళ్ళంత ముద్ద. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కుళ్ళు ముదిరిన దుంప కూడా వెచ్చబడుతుంది. పోయినేడు కుప్పలు కుప్పలుగా వెచ్చబడ్డాయి, ఆ వెచ్చదనం నా అరచేతులకి ఇంకా గుర్తే.

ఓదెలుకి కబురు పెట్టాను. అతనితో పాటు సుగుణ వచ్చింది. ముక్కు మూసుకోకుండా దగ్గరికి పోయి, ఒంగలేక ఒంగి, పీల్చింది.

"అమ్మా, గిది కుళ్ళు వాసన కాదే. కుళ్ళు పుల్లగుంటది. గిది మాంసం వాసన."

"నీకు దీపం నూనె వాసనకే డోకొస్తది. నువ్వా నాకు చెప్పేది?"

"గట్ల వస్తున్నందుకే చెప్తున్న. కడుపుతో ఉన్నదగ్గర్నుంచి నాకు ప్రతి వాసన వేరువేరుగ తెలుస్తున్నది. పులుపు లేనే లేదు. పువ్వేమోనే అమ్మా గిది?"

ఓదెలు నవ్వాడు. నేనూ నవ్వాను. బడి గోడ మీద పువ్వు బొమ్మ ఉంది, ఈ లెవల్లో పుట్టిన ప్రతివాళ్ళూ దాన్ని చూసే పెరిగారు. ఐదు రేకులు, పసుపు బొట్టు. పాటల్లో పువ్వు అంటే తలలో ముడుచుకునేది, దేవుడికి పెట్టేది. పువ్వు అన్న మాట పక్కనే పరిమళం అన్న మాట ఉంటుంది మాకు. కంపు కొట్టే పువ్వు అని ఎవరైనా అంటే తీపి ఉప్పు అన్నట్టే.

"గిది తలల పెట్టుకుంటవా బిడ్డా?" అన్నాడు ఓదెలు.

సుగుణ నవ్వలేదు. "రెండు రోజులాగుండ్రి. రెండే రెండు రోజులు. అప్పటికి కూలిపోతే కాల్చుండ్రి."

"పోయినేడు రెండు రోజులు ఆగినం" అన్నాను. "నాలుగు వందలు పోయినై. ఇంక ఆరున్నయి. దీని కుళ్ళు వాటికి పాకిందంటే నీ బిడ్డకి ఏం పెడ్తవే?"

ఓదెలు నా వైపు తిరిగాడు. "వదినె, నీ ముక్కు ఏమంటది?"

"కాల్చాలంటది" అన్నాను.

సుగుణ తలుపుకి అడ్డం నిలబడింది. ఎనిమిదో నెల కడుపుతో, చేతులు బారజాపి. దాన్ని భుజం పట్టి పక్కకి జరిపింది నేనే. ఓదెలు కాదు, నేనే. గోనె పరిచి, దుంపని పైకి తీసి, గోనెలో చుట్టి ఎత్తుకున్నాను. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పోచం దుంప కనక నేనే మోస్తానన్నాను. పంపు గది దాకా ఎలా మోశానో తెలియదు. గోనె బయట పడేసి, దుంపని పొయ్యిలో పెట్టి తలుపు మూశాను.

తవ్విన 49వ రోజు, సాయంత్రం

కుళ్ళు దుంప కాలితే మండిన తోలు వాసన వస్తుంది. వందల సార్లు కాల్చాను, నాకు తెలుసు.

ఇది అలా రాలేదు. గంట గడిచాక మొదట తీపి వాసన, ఆపై నిప్పుల్లో కాల్చిన కంద వాసన. మంచి కంద. పండగ నాటి కంద. నేను పొయ్యి ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. ఆ వాసన వచ్చిన క్షణాన నాకు అంతా తెలిసిపోయింది. లేచి తలుపు లాగడానికి చేతులు రాలేదు.

లెవల్ అంతా పాకింది ఆ వాసన. పిల్లలు పళ్ళేలు పట్టుకుని పంపు గది ముందు వరస కట్టారు. ఎవరూ పిలవలేదు వాళ్ళని. వాళ్ళ వెనక తల్లులు. ఓదెలు వచ్చి పొయ్యి తెరిపించి, కొంకితో దుంపని బయటికి లాగించాడు. పైన నాలుగు వేళ్ళ మందం బొగ్గు. నా కత్తితో కోశాను. లోపల గులాబీ కలిసిన తెలుపు, గుండె దాకా ఎక్కడా మచ్చ లేదు. కన్ను ఉన్న చోటు మాత్రం మాడి మసైంది.

ఓదెలు వరసలో ఉన్న పిల్లల వైపు చూశాడు. తర్వాత, "పంచు వదినె. ఇగ చేసేదేమున్నది" అన్నాడు.

పంచాను. మనిషికి నిమ్మకాయంత. తిన్నవాళ్ళు బాగుందన్నారు. నిజంగా బాగుంది, నేనూ తిన్నాను, ఆకలి ఆగలేదు. సుగుణ తన వాటా పక్కింటి పిల్లకిచ్చి వెళ్ళిపోయింది.

తవ్విన 51వ రోజు

ఐదు.

పంపు గది బయట నేను పడేసిన గోనె మీద ఏవో కదులుతున్నాయని ఓదెలు పిలిపించాడు. వెళ్ళి చూస్తే నల్లటి పెంకు పురుగులు, చింతగింజ అంతవి, పద్నాలుగు. ఈ లెవల్లో ప్రాణమున్న పురుగుని ఎవరూ చూడలేదు. పిల్లలు భయపడి ఏడ్చారు. అవి గోనె మడతల్లోకి దూరడం, బయటికి రావడం, మళ్ళీ దూరడం. దేనికోసమో వెతుకుతున్నాయి.

కందగదికి పోతే పెద్దది ఉండిన గుంటలో ఇంకో ఇరవై. గాలిబాయి గోడ మీద బారుగా దిగుతున్నాయి. ఇసక మీద అటూ ఇటూ తిరిగి, ఏమీ దొరక్క, ఆగిపోతున్నాయి.

ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. వీపు మీద పసుపు పొడి అంటి ఉంది. వాసన చూశాను. అదే చచ్చిన ఎలుక వాసన, చాలా పల్చగా.

తవ్విన 52వ రోజు

సుగుణ ఓదెలు గదిలోని పాత పెట్టె తిరగేసి, కంద సాగు గురించిన పుస్తకం తెచ్చింది. ఆ పుస్తకం నాకు తెలుసు. తవ్వడం, కోయడం, నిల్వ చేయడం గురించిన పేజీలు నాకు నోటికొచ్చు. చివర విత్తనం గురించి రెండు పేజీలుంటాయి. మాకు విత్తనంతో పనేమిటని అమ్మ చదవలేదు, నేనూ చదవలేదు. ఆ రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే సుగుణ ఆవిరి పట్టి విడదీసింది.

నా ముందు నిలబడి, నా మొహం చూడకుండా, పైకి చదివింది:

"బాగా ముదిరిన పెద్ద దుంపను కోయకుండా వదిలితే ఒక్కోసారి ఆకు కంటే ముందు పువ్వు వస్తుంది. పువ్వు వెచ్చగా ఉండి, కుళ్ళిన మాంసం వాసన వేస్తుంది. ఆ వాసనకు పురుగులు వస్తాయి. వేరే చోట పూసిన కంద పువ్వు పుప్పొడి వాటి ఒంటికి అంటి ఉంటే గింజ కడుతుంది. గింజ నుంచి వచ్చిన మొక్కలు అన్నీ తల్లిలాగ ఉండవు. కొన్ని తెగుళ్ళకు తట్టుకునేవి కూడా పుడతాయి."

పక్కన బొమ్మ. అంచులు ముడతలు పడ్డ తొడుగు, నడుమ ముద్ద.

పుస్తకం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. కోప్పడితే బాగుండేది.

తవ్విన 53వ రోజు

నాలుగు.

ఓదెలు దగ్గరికి పోయి నిజం చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.

పోయినేడు మేం రెండు రోజులు ఆగలేదు. నాకు పడిశం పట్టింది. నాలుగు రోజులు ముక్కుకి సున్నం డబ్బా పెట్టినా వాసన తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కు పని చేయని ముక్కుకి ఒక చెంబు నీళ్ళెందుకంటారని, అమ్మ పేరు పోతుందని. నాలుగు రోజులూ దుంపలు పైకి తీసి, పీల్చినట్టు నటించి, పుస్తకంలో వాసన లేదు అని రాశాను. ఆ నాలుగు రోజుల్లో కుళ్ళు గది సగం తిరిగింది. తర్వాత అందరి ముందూ, అనుమానం తీరక రెండు రోజులు ఆగానని చెప్పుకున్నాను.

మొన్న పెద్దదాని ముందు నిలబడితే, నా ముక్కు పులుపు లేదనే చెప్పింది. సుగుణ చెప్పిందే చెప్పింది. కానీ నేను విన్నది ముక్కుని కాదు, భయాన్ని. మళ్ళీ ఆలస్యం చేశానంటారన్న భయం. నా పాత అబద్ధం కాపాడుకోవడానికి కొత్తగా చేసిన పని ఇది.

ఓదెలు తల దించుకుని విన్నాడు. "పోచమన్నకు తెలుసా?" అన్నాడు చివరికి. ఆ చలికాలమే పోచం పోయాడు. తెలియదన్నాను.

"ఎవ్వలకు చెప్పకు. చెప్తే నిన్ను బతకనియ్యరు" అన్నాడు.

"రాసిన" అన్నాను.

తవ్విన 54వ రోజు

నాలుగు.

పురుగులు చచ్చిపోతున్నాయి. ఇరవై దాకా ఊడ్చాను. వాటి పసుపు పొడి వేలికి అంటుకుంటే తుడుచుకోబుద్ధి కాలేదు.

ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. పొడి ఉందంటే పువ్వు ఉంది. పువ్వు ఉందంటే దాని కింద దుంప ఉంది. పైన అంతా మాడి మసైందని కదా మనం ఇక్కడున్నాం? అయినా ఏదో ఒక కంద, మన ముత్తాతలు తేకుండా వదిలేసినది, నేలలో దాక్కుని బతికింది. ఏడాదిలో పది నెలలు నిద్రపోతూ, కాస్త చల్లబడ్డప్పుడు లేచి ఒక ఆకు వేసుకుని, మళ్ళీ దిగిపోతూ. అది మనది కాదు. మన రోగం దానికి లేదు. పురుగు ఎగిరే అంత దూరంలో ఉంది.

ఈ కాలంలో పైకి పోకూడదు. సౌర పలకలు బాగుచేసేవాళ్ళు కూడా చలి రెండు నెలలే ఎక్కుతారు. పొద్దెక్కాక నీడ దొరకనివాడు మధ్యాహ్నం చూడడు. కానీ చలికాలం దాకా ఆగితే ఆ పువ్వు ఆనవాలు ఉండదు, దుంప ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడైతే కంపు ఉంటుంది. కంపు పట్టుకుని పోగలిగింది ఈ బాయిలో ఇద్దరమే. ఇద్దరిలో ఒకతి కడుపుతో ఉంది.

ఓదెలు వద్దనలేదు. నిజం చెప్పిన తర్వాత అతనికి నన్ను వద్దనడం కష్టమైనట్టుంది.

తవ్విన 55వ రోజు, ఎక్కే ముందు

నాలుగు. వాసన లేదు. పొద్దున ముక్కు రెండు సార్లు కడుక్కుని చూశాను.

సుగుణ గాలిబాయి దగ్గరికి వచ్చింది. నీళ్ళ తిత్తి వీపుకి కట్టింది, తడి గుడ్డ తలకి చుట్టింది. ఆరు రోజులుగా నాతో మాట లేదు, ఇవాళ కూడా ముడులు బిగించిందే తప్ప మాట్లాడలేదు. అన్నీ అయ్యాక, "ఎటు దిక్కు నుంచి వస్తున్నది వాసన?" అని అడిగింది.

నిచ్చెన కింద నిలబడి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాను. వేడి దుమ్ము. తుప్పు. ఎండలో మాడిన గడ్డి. మళ్ళీ పీల్చాను. ఉత్తరం అని చెబితే దానికి ధైర్యంగా ఉండేది.

"ఏం వస్తలేదు బిడ్డా" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. అప్పుడు వచ్చి, కడుపు అడ్డం పడుతున్నా, నా మెడ చుట్టూ చేతులేసి పట్టుకుంది. దాని జుట్టులో నాచు వాసన, చెమట వాసన, ఇంకా పుట్టని బిడ్డ పాల వాసన ఏదో. నాకు ఏడుపు ఆగలేదు.

"మరెట్ల పోతవే?" అంది.

"మీదికి పోయి మళ్ళ చూస్త. గాలి మారుతది."

సుగుణా, పుస్తకం నీకిస్తున్నాను. నీళ్ళ చెంబు నీది, ఓదెలుతో చెప్పాను. ఆ నాలుగింటిని కోసి ముక్కలు చేద్దామంటారు, ఆకలి కదా. అలా కోస్తే వచ్చే ఏడు ఇరవై దుంపలు, ఆ ఇరవైకీ ఇదే రోగం. ఏం చెయ్యాలో నేను చెప్పను. నా మాట విని ఇంతదాకా వచ్చాం. నీ ముక్కు ఏమంటే అది చెయ్యి.

తవ్విన 66వ రోజు

రాస్తున్నది సుగుణ.

దుంపలు నాలుగు. పుల్లటి వాసన లేదు.

నిన్న రచ్చలో నాలుగింటినీ కోయాలన్నారు. నేను కత్తి ఇవ్వలేదు. ఓదెలు చిన్నాయన నా పక్కన నిలబడ్డాడు. అమ్మ రాసిన పేజీలన్నీ వాళ్ళకి చదివి వినిపించాను, పడిశం సంగతితో సహా. కొందరు తిట్టారు. కొందరు ఏడ్చారు. తర్వాత, నాలుగింటినీ కోయకుండా, పూర్తి దుంపలుగానే, గాలిబాయి కింద నాటాం. పెద్దవై పువ్వు రావడానికి ఐదేళ్ళు పట్టొచ్చు, రాకపోవచ్చు. అందాకా నాచే.

తలుపు మీది మాట చెరిపేశాను.

అమ్మ పైకెక్కి పదకొండు రోజులు. నీళ్ళు ఆరు రోజులకి సరిపడానే కట్టాను. నిచ్చెన తీసెయ్యమన్నారు, పురుగులు దిగుతాయని. తియ్యలేదు. రోజూ దీపాలు వెలగగానే దాని కింద నిలబడి పీలుస్తాను. ఇవాళ గాలి మారింది. అమ్మ వాసన లేదు. పల్చగా, ఎక్కడి నుంచో, మాంసం కంపు వస్తోంది. అది పువ్వుదో కాదో నాకు తెలియడం లేదు.